ఈస్టర్ నాటి జమ

2024 మార్చి 31, ఆదివారం, ఉదయం పదకొండుంబావుకు తెక్కలకోటలోని ఒక ఇళ్ళ అప్పుల కంపెనీ శాఖలో ముప్పై ఒక్క మంది పేర్ల మీద ఆరు లక్షల పద్దెనిమిది వేల రూపాయలు నగదుగా జమ అయ్యాయి. ఆ ముప్పై ఒక్క మందిలో ఒక్కరూ ఆ రోజు శాఖకు రాలేదు.

డబ్బు తెచ్చింది శాఖ మేనేజరు కెన్నెత్. ఒక్కొక్క పేరు మీద రెండేసి నెలల కంతులు కంప్యూటర్లో ఎక్కించింది వసూళ్ళు చూసే ఈరేశ్. పని ముగిశాక ఈరేశ్ కుర్చీలో వెనక్కి వాలి, "ఆయ్తు సార్. ఈ క్వార్టర్ దాటేసినాం," అన్నాడు. కెన్నెత్ ఖాళీ సంచి మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. ఈస్టర్ రోజు గుడికి పోకపోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

కంపెనీకి ఏడాదంటే నాలుగు క్వార్టర్లు. తెక్కలకోట చుట్టుపక్కల ఏడాదంటే రెండు పంటలు. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు. మార్చి ఆఖరుకు కంపెనీ పుస్తకాలు మూస్తుంది. రెండో పంట వరి కోసి, మిల్లుకు తోలి, మిల్లు వాడు డబ్బు చేతిలో పెట్టేసరికి మే నెల వస్తుంది. కంతు కట్టక తొంభై రోజులు దాటితే ఆ అప్పు మొండి బకాయి కింద పడుతుంది. మార్చి 31న అలాంటివి ఎన్ని ఉంటే అన్నీ కంపెనీ ఫలితాల్లోకి ఎక్కుతాయి. ఆ ఫలితాలు చూసే షేరు కొనేవాళ్ళు కొంటారు, కంపెనీకి అప్పిచ్చే బ్యాంకులు అప్పిస్తాయి.

అందుకని తెక్కలకోట శాఖలో ఒక అలవాటు పుట్టింది. కెన్నెత్ కంటే ముందున్న మేనేజరు మొదలుపెట్టాడు, కెన్నెత్ కొనసాగించాడు. మార్చి ఆఖరున ఎరువుల అంగడి హొన్నూరప్ప దగ్గర మూడు నాలుగు రోజులకని చేబదులు తీసుకుంటారు. ఈ వైపు దాన్ని కైగడం అంటారు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు. ఆ డబ్బుతో గడువు దాటబోయే ఖాతాలకు కంతులు కడతారు. ఏప్రిల్ మొదటి వారంలో అవే ఖాతాదారులకు కంపెనీ చేతే టాప్-అప్, అంటే ఉన్న అప్పు మీద ఇంకొంత అప్పు, ఇప్పిస్తారు. ఆ డబ్బు రాగానే ఖాతాదారు తన కంతుల మేర తిరిగిస్తాడు, హొన్నూరప్ప డబ్బు హొన్నూరప్పకు పోతుంది. అప్పు మాత్రం కొంచెం లావెక్కి అక్కడే ఉంటుంది. ఈ సంగతి బళ్ళారి రీజినల్ ఆఫీసుకు తెలుసు. తెలుసని ఎవరూ అనరు.

2023లో వానలు మొహం చాటేశాయి. తుంగభద్ర డ్యామ్ నిండలేదు. రెండో పంటకు కాలువ నీళ్ళు వదల్లేదు. మార్చిలో సిరిగేరి దారిన బస్సులో పోతే రెండు వైపులా మొదటి పంట కొయ్యకాళ్ళే కనిపించాయి. నాట్లు లేవు, కోతలు లేవు, కూలీ లేదు. కంతులు ఆగిపోయాయి.

మార్చి 28, గురువారం, కెన్నెత్ హొన్నూరప్ప అంగడికి పోయాడు. అంగడిలో యూరియా మూటలు పైకప్పు దాకా ఉన్నాయి.

"ఏమప్పా, మార్చి వచ్చిందంటే నీ ముఖం కనపడతాది," అన్నాడు హొన్నూరప్ప. "ఒకసారన్నా పండగ పేరు చెప్పి రాకూడదా?"

"నీకు తెలియంది ఏముండాది హొన్నూరప్పా. మూడు దినాలు. ఎప్పటి మాదిరే."

"ఎప్పటి మాదిరి కాలువలో నీళ్ళుండాయా?"

కెన్నెత్ బల్ల మీద కూర్చున్నాడు.

"సిరిగేరోళ్ళు నాకియ్యాల్సిందే పద్నాలుగు లక్షలుండాది. మూటలెత్తుకపోయేటప్పుడు అన్నా అన్నా అన్నారు. ఇప్పుడు నా అంగడి ముందర నడిచేకి సిగ్గయి పక్కసందులో తిరుక్కొని పోతాండారు. నాకే ఎవడన్నా కైగడం ఇస్తాడేమోనని నేను చూస్తాండా. బేడప్పా, వద్దు. ఈసారి నన్నొదిలేయ్. టీ తాగి పో."

టీ తాగుతుండగానే రీజినల్ మేనేజరు వివేక్ ఫోన్ చేశాడు. వివేక్‌ది బళ్ళారి పక్క పల్లెలో భూమి ఉన్న కుటుంబం. ఇద్దరు అన్నలకు లారీలున్నాయి. వయసులో కెన్నెత్ కంటే పదకొండేళ్ళు చిన్న.

"కెన్నెత్ సర్, ముప్పై ఒక్కటీ మీ శాఖవే. నా రీజియన్లో మిగతా శాఖలన్నీ క్లీన్. మీరొక్కరే నన్ను పట్టుకొని వేలాడతాండారు."

"ఈసారి కైగడం పుట్టలేదు సర్."

"ఆ మాటే నాకు చెప్పొద్దండి. ఎట్ల తెస్తారో నాకు తెలియదు, తెలియబేడ. ఐదో తారీకు లోపల టాప్-అప్‌లన్నీ చేయించే బాధ్యత నాది. ఇది నా మాట. సరేనా?"

"సరే సర్," అన్నాడు కెన్నెత్.

ఇక్కడ మాట గురించి చెప్పాలి. తెక్కలకోట గుడిలో ఏటా నవంబరులో కోతల పండుగ చేస్తారు. సంఘంలోని వాళ్ళు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్ళు, చీరలు, ఉన్నవాళ్ళయితే గొర్రెపిల్ల, తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన ముగిశాక వేలం వేస్తారు. నలభై రూపాయల గుమ్మడికాయ రెండు వేలకు పోతుంది. పాడినవాడు గుమ్మడికాయ కోసం పాడడని అందరికీ తెలుసు. అక్కడికక్కడే డబ్బు కట్టే వాళ్ళు కొందరే. తక్కినవాళ్ళు పంట డబ్బు వచ్చాక కడతారు. ఎవరు ఎంతకు పాడారో గుడిలో ఉన్న రెండు వందల మంది విన్నారు కాబట్టి సంతకాలు పెట్టించుకోరు. పాడిన మాట ఎగ్గొట్టినవాడు లేడు. ఒకాయన పాడి, కట్టక ముందే చనిపోతే, సమాధి కార్యక్రమం అయిన మరుసటి ఆదివారం కొడుకు ఆ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కెన్నెత్ చిన్నప్పటి నుంచి ఆ గుడిలో కూర్చున్నవాడు. పలికితే అయిపోయినట్టే అన్నది అతనికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. వివేక్ ఫోన్లో పలికాడు. కెన్నెత్ దాన్ని కోతల పండుగ వేలం మాట లాగే జేబులో వేసుకున్నాడు.

తొమ్మిదేళ్ళ వేలం డబ్బు గుడి కట్టడ నిధిగా బ్యాంకులో ఉంది. ఆరు లక్షల నలభై వేల చిల్లర. గుడి పైకప్పు రేకులు పగిలి వానకు కురుస్తున్నాయి, వాటిని తీసేసి స్లాబు వేయాలని సంఘం అనుకుంది. మే నెలలో పని మొదలుపెట్టాలి, వానల లోపు ముగించాలి. కోశాధికారి ఆర్థర్. డెబ్బై ఒక్క ఏళ్ళు. ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కెన్నెత్‌కు హైస్కూల్లో లెక్కలు చెప్పింది ఆయనే. చెక్కు మీద ఆర్థర్ సంతకం, సంఘ కార్యదర్శి సంతకం, రెండూ ఉండాలి. కార్యదర్శి బళ్ళారిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలే వస్తాడు కాబట్టి చెక్కుబుక్కులో ముందే సంతకాలు పెట్టి ఇస్తాడు.

మార్చి 29, గుడ్ ఫ్రైడే. మూడు గంటల ఆరాధన ముగిసి జనం పోయాక గుడి అరుగు మీద కెన్నెత్ ఆర్థర్‌ను అడిగాడు. సంగతి మొత్తం చెప్పాడు. కస్టమర్ల కంతులకు, ఏప్రిల్ ఐదు లోపల తిరిగొస్తుంది, పైవాళ్ళు మాటిచ్చారు.

"దినాలెన్ని?" అన్నాడు ఆర్థర్.

"మూడు నాలుగు సార్. ఐదో తారీకంటే ఇంకో రెండు."

"ప్రభువు లేచింది మూడో దినమే కదా. మూడు దినాలంటే ఈ వారంలో అచ్చొచ్చిన లెక్కే," అని ఆర్థర్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "ఇయ్యకపోతే నీ ఉద్యోగానికి ఏమన్నా అయితాదా?"

"శాఖ మూసి సిరుగుప్పలో కలుపుతామంటాండారు సార్. నన్ను యాడికి తోస్తారో తెలియదు."

"రేపు పొద్దున బ్యాంకు కాడికి రా."

"కాగితం రాసిస్తా సార్."

"ఎందుకప్పా కాగితం? నీకు వడ్డీ లెక్కలు నేర్పింది నేను. నీ చేత కాగితం రాయించుకుంటే నా పాఠం మీద నాకే నమ్మకం లేనట్ల."

మరునాడు శనివారం బ్యాంకు తెరిచే ఉంది. ఆదివారం కంపెనీ శాఖ కూడా తెరిచే ఉంది, ఆ రోజు సెలవు అడగొద్దని హెడ్డాఫీసు ముందే చెప్పింది.

జమ ముగించి కెన్నెత్ ఒంటిగంటకు ఇల్లు చేరాడు. భార్య లోయిస్ గుడి నుంచి వచ్చి పలావు వడ్డిస్తోంది. ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు పోగొట్టుకున్నావు పో," అంది. "ఇట్లాంటి ఈస్టర్ నేనెప్పుడూ చూడలే. సాక్ష్యాలు చెప్పేటప్పుడు మన జయశీల లేసింది."

జయశీల కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టుకునే మనిషి. భర్త లారీ డ్రైవరు, సండూరు గనుల వైపు పోయి నెలకొకసారి వస్తాడు, కొన్ని నెలలు రాడు. రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి కెన్నెత్ శాఖలోనే అప్పు తీసుకుంది. ఆమె ఖాతా ఆ ముప్పై ఒక్కటిలో ఉంది.

"ఏం చెప్పింది?" అన్నాడు కెన్నెత్.

"వాక్యం చదువుతాంటే ఆమె ఫోన్ మోగింది. అయ్యగారు ఒక చూపు చూసినాడు. ఆమె తీసి చూసి ఏడ్చేసింది. మీ కంపెనీ మెసేజే! పంతొమ్మిది వేల నాలుగు వందలు అందినాయని. నేను రూపాయి కట్టలే, నా అప్పు ఎవరో కట్టినారు, పునరుత్థాన దినాన కట్టినారు, ఆ చేతుల్ని దేవుడు ఆశీర్వదించాల, అని ఒకటే ఏడుపు. గుడంతా హల్లెలూయా. ఆమె కూర్చుంటానే సుగుణమ్మ కొడుకు లేసినాడు, నాక్కూడా వచ్చిందని. ఆ వెనక ఇంకో ఇద్దరు. నాకైతే ఒళ్ళు జల్లుమనింది."

"ఆర్థర్ సార్ ఏమన్నాడు?"

"ఆయనేమంటాడు? తల వంచుకొని ప్రార్థన చేసుకుంటాండ్య. ఏంది, తినవేంది? ఉప్పెక్కువయిందా?"

"లేదు."

"కట్టిందెవరో నీకు తెలిసుంటాది కదా. ఎవరు?"

"చెప్పకూడదు," అన్నాడు కెన్నెత్. లోయిస్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని అతని కంచంలో ఇంకో ముక్క వేసింది.

ఏప్రిల్ 3న కెన్నెత్ ముప్పై ఒక్క టాప్-అప్ దరఖాస్తులు పైకి పంపాడు. 4న హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. రెండో పంటకు నీళ్ళు అందని తాలూకాల్లో కొత్త అప్పులు, టాప్-అప్ అప్పులు తదుపరి ఉత్తర్వుల దాకా నిలిపివేయడమైనది. జాబితాలో సిరుగుప్ప తాలూకా ఉంది. కెన్నెత్ వివేక్‌కు ఫోన్ చేశాడు. నాలుగోసారికి ఎత్తాడు.

"నేనేం చేయాల సర్? అది రిస్క్ డిపార్ట్‌మెంట్. నా చేతిలో ఏముండాది?"

"మీరు మాటిచ్చినారు సర్."

"మాటిచ్చినప్పుడు సర్క్యులర్ లేదు కదా. ఇప్పుడుండాది. కొంచెం దినాలు ఓపిక పట్టండి, నోడోణ, చూద్దాం."

"అది గుడి దుడ్డు సర్."

వివేక్ గొంతు మారింది. "నేను విన్లేదు సర్. మీరు చెప్పలేదు, నేను విన్లేదు. కస్టమర్లు కట్టినారు. సిస్టమ్‌లో అదే ఉండాది. మీరు ఇంకో మాదిరి చెప్తే ఫస్ట్ పోయేది మీ ఉద్యోగమే. మీ మంచికే చెప్తాండా."

ఆ వారమంతా కెన్నెత్ సాయంత్రాలు మోటారు సైకిలేసుకుని హచ్చొళ్ళి, సిరిగేరి, తెక్కలకోట వీధులు తిరిగాడు. మీ తరఫున కట్టిన డబ్బు తిరిగివ్వండి అని అడిగాడు. కొందరు తలా వెయ్యీ రెండు వేలూ ఇచ్చారు. హచ్చొళ్ళిలో కనకప్ప అనే రైతు మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "నేను కట్టమన్నానా స్వామీ?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. కెన్నెత్ మజ్జిగ తాగి లేచాడు.

జయశీల ఇంటికి ఆఖరున పోయాడు. ఆమె మిషను ఆపలేదు.

"రా అన్నా. ఆ కుర్చీ లాక్కో. బట్టలు కింద పెట్టు పర్వాలే."

"ఆ రెండు కంతుల సంగతి మాట్లాడాల జయశీలా."

"మాట్లాడేదేముండాది? గుడిలోనే చెప్పినా కదా."

"కట్టింది నేను."

మిషను ఆగింది. ఆమె అతని వంక చూసింది. "నువ్వా? అన్నా! ఆ దేవుడు నీ పిల్లల్ని..."

"కట్టింది నేనే గాని దుడ్డు నాది కాదు. తిరిగియ్యాల. మూడు దినాలకని తెచ్చింది. నీకు టాప్-అప్ వస్తే అందులో ఇస్తావనుకుంటి. టాప్-అప్ ఆపేసినారు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నన్నడక్కుండా నా పేరు మీద అప్పు చేసి, నా అప్పు కట్టినావు."

"గడువు దాటితే నీ ఖాతా..."

"నా ఖాతా కోసమా, నీ శాఖ కోసమా?"

ఆమె సూది తీసి గుడ్డకు గుచ్చింది.

"రెండు వందల మంది ముందర నిలబడి చెప్పినా అన్నా. నా అప్పు తీరిందని చెప్పినా. అయ్యగారు దాని మీద ఒక ప్రసంగమే చేసినాడు. మా అత్త ఊరంతా తిరిగి చెప్పింది. ఇప్పుడు పోయి, లేదు, అది మేనేజరు లెక్క సరిచేసుకున్నాడు అని చెప్పాల్నా? నా నోటితో చెప్పించొద్దు. చేతిలో ఉంటే ఇచ్చేస్తాంటి. లేదు. మిషను కంతే రెండు నెల్లు పెండింగుండాది."

"నువ్వు చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పను. నీ కోసం కాదులే. నా సాక్ష్యం కోసం."

ఏప్రిల్ 25, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు కంపెనీ నాలుగో క్వార్టర్ ఫలితాలు ప్రకటించింది. లాభం నిరుడు ఇదే క్వార్టర్ కంటే ఇరవై రెండు శాతం ఎక్కువ. మొండి బకాయిలు ఒకటీ పాయింట్ తొమ్మిది శాతం నుంచి ఒకటిన్నరకు దిగాయి. కరువు తాలూకాల్లో కూడా వసూళ్ళు తగ్గలేదని, ఇది గ్రామీణ ఖాతాదారుల క్రమశిక్షణకు నిదర్శనమని ముంబయిలో పెద్ద అధికారి విలేకరులతో అన్నాడు. ఆరున్నరకు అన్ని శాఖలతో వీడియో సమావేశం జరిగింది. ఒక్క ఖాతా కూడా గడువు దాటని శాఖల పేర్లు చదివారు. తెక్కలకోట మూడోది. ఈరేశ్ ముందుగానే కేకు తెప్పించాడు. కేకు మీద ఇంగ్లీషులో సున్నా శాతం అని రాసి ఉంది.

వివేక్ తెర మీద చప్పట్లు కొట్టాడు. "మా కెన్నెత్ సర్ పండగ రోజు కూడా శాఖలో కూర్చున్న మనిషి," అన్నాడు. తక్కిన చదరాల్లో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

"సార్, కోయండి," అన్నాడు ఈరేశ్, కత్తి అందిస్తూ.

బహుమతిగా నలభై రెండు వేలు జీతంలో కలిసి వచ్చాయి. కెన్నెత్ అది తీసుకుపోయి ఆర్థర్ చేతికిచ్చాడు. తిరిగిన ఊళ్ళలో పోగైనవి యాభై ఎనిమిది వేలు. లోయిస్‌కు అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆమె ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పింది మొత్తం విని, చెవులవి తప్ప ఒంటి మీద ఉన్న బంగారం తీసి బల్ల మీద పెట్టింది.

"తాకట్టు పెట్టు," అంది. "నేను ఆ దినం హల్లెలూయా అన్నా చూడు, దానికి పెట్టు."

బంగారం మీద లక్షన్నర వచ్చింది. ఇంకా మూడు లక్షల అరవై ఎనిమిది వేలు మిగిలింది. స్లాబు పని మే ఐదున మొదలు కావాలి. ఎలక్షన్ కానీండి, ఇప్పుడు కూలీలు దొరకరు అన్నాడు ఆర్థర్ సంఘంలో. మే 7న బళ్ళారిలో ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత కంకర రేటు పెరిగిందన్నాడు. జూన్ మొదటి వారంలో వాన వచ్చింది. గుడిలో మూడు చోట్ల బకెట్లు పెట్టారు.

జూన్ 12న కెన్నెత్ ఏడు వేలు తీసుకుని ఆర్థర్ ఇంటికి పోయాడు. ఆర్థర్ లేడు. ఆయన భార్య సరోజినీదేవి వసారాలో చింతకాయలు నలగ్గొడుతోంది.

"కూర్చో. నీళ్ళు కావాల్నా?"

"వద్దమ్మా. సార్ యాడికి పోయినాడు?"

"బ్యాంకుకు." ఆమె రాయి పక్కన పెట్టింది. "నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్తా. నేనేమీ ఆయన మాదిరి మంచిదాన్ని కాదు. మీ సార్ పింఛను మీద అప్పు తీసినాడు. మూడు లక్షల డెబ్బై వేలు. నేను ముందే చెప్పినా, ఆ పిల్లోడు ఇస్తానంటాండాడు కదా, ఆగండి అని. ఈ నెలాఖరుకు లెక్క చెప్పాల, ఆగితే యాడికి పోవాల అన్నాడు."

కెన్నెత్ ఏడు వేలు చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"ఆ బళ్ళారి మేనేజరు ఏమంటాడు?"

"ఏమీ అనడమ్మా."

"ఏమంటాడు! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. నువ్వన్నా ఆ ముక్క ఎరగవా? ఇన్నేళ్ళు అప్పులిచ్చే ఉద్యోగం చేసినావే." ఆమె అతని చేతి వంక చూసింది. "ఎంత అది?"

"ఏడు."

"ఈడ పెట్టు. మొదటి కంతుకు అయితాది."

"నేను నెలనెలా ఇస్తానమ్మా. సార్‌కు చెప్పు. నా మాట."

సరోజినీదేవి మళ్ళీ రాయి అందుకుంది. "మాటలు చాలప్పా. దుడ్డు ఇయ్యి," అంది.

జూన్ మూడో వారంలో కంపెనీ డిమాండు నోటీసులు పంపింది. ముప్పై ఒక్క ఖాతాల్లో ఇరవై ఆరు తొంభై రోజులు దాటాయి. నోటీసులు ఇంటింటికీ తీసుకుపోయింది ఈరేశ్. అరవై రోజుల్లో మొత్తం బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని అందులో ఉంది. జయశీల సంతకం పెట్టి తీసుకుంది. ఎవరినీ ఏమీ అడగలేదని ఈరేశ్ శాఖకు వచ్చి చెప్పాడు. అదే వారం వివేక్ ఫోన్ చేశాడు. క్వార్టర్ ఆఖరు ముప్పయ్యో తారీకు ఆదివారం వచ్చిందని, శాఖ తెరవాలని చెప్పాడు.

"ఈసారి ఎంత తగ్గిస్తారు సర్?"

"తగ్గించేదుండదు సర్," అన్నాడు కెన్నెత్. "ఎన్నుంటే అన్నీ చూపిస్తా."

"ఆలోచించుకోండి. పోయిన క్వార్టర్ సున్నా చూపించి ఈ క్వార్టర్ ఇరవై ఆరంటే, నన్ను కాదు, మిమ్మల్ని అడుగుతారు."

"అడగనీయండి."

జూన్ 30, ఆదివారం, కెన్నెత్ శాఖ తాళాలు ఈరేశ్‌కు ఇచ్చి గుడికి పోయాడు. ఆరాధన తర్వాత సంఘం వార్షిక సభ జరిగింది. వాన పడుతోంది. ఆర్థర్ కళ్ళజోడు తుడుచుకుని కట్టడ నిధి లెక్క చదివాడు. మార్చి 30న ఆరు లక్షల పద్దెనిమిది వేలు తీయడమైనది. జూన్ 14 నాటికి ఆ మొత్తం తిరిగి జమ అయినది.

బళ్ళారి నుంచి వచ్చిన కార్యదర్శి అడిగాడు. "ఎందుకు తీసినారు సార్?"

"స్లాబుకు అడ్వాన్సని తీస్తి. రేటు కుదరలే. మళ్ళీ కడితి," అన్నాడు ఆర్థర్.

"రెండున్నర నెల్లు ఇంట్లో పెట్టుకున్నారా?" వెనక వరసలో ఎవరో అన్నారు. ఎవరన్నదీ తెలియలేదు. కొందరు తిరిగి చూశారు.

"అవును," అన్నాడు ఆర్థర్. "తప్పే. వచ్చే ఏడు కోశాధికారిగా ఇంకొకర్ని పెట్టుకోండి."

బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. కెన్నెత్ ముందు బెంచీ వెనకభాగం పట్టుకుని కూర్చున్నాడు. లోయిస్ అతని వంక చూసింది. అతను లేస్తాడని ఆమె కాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చింది. అతను లేవలేదు. రెండు వరసల ముందు జయశీల కూర్చుని ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు.

లెక్క సరిగా ఉందని ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమని అయ్యగారు అన్నాడు. చేతులు లేచాయి. కెన్నెత్ కూడా చెయ్యెత్తాడు. తీర్మానం ఏకగ్రీవమని కార్యదర్శి రాసుకున్నాడు. కొత్త కోశాధికారిగా సుగుణమ్మ కొడుకును ఎన్నుకున్నారు.

జులై ఒకటో తారీకున బ్యాంకు ఆర్థర్ పింఛనులో మొదటి కంతు పట్టుకుంది. మొత్తం అరవై కంతులు.